జీతం ముందు, పాట తర్వాత: యుద్ధానంతర బ్రిటన్ యువతరం

(స్మారకోపన్యాస పాఠం)



మనం ఎవరి స్మృతిలో ఇక్కడ కలుసుకున్నామో ఆ మాస్టారు తన జీవితమంతా ఆధునిక ఐరోపా చరిత్ర చెప్పారు. రాజుల పట్టాభిషేకాల కంటే రొట్టె ధర, కూలి రేటు, ఇంటి అద్దె ఆయనకు ముఖ్యం. ఒక తరం ఏం పాడిందో అర్థం కావాలంటే అది ఏం సంపాదించిందో ముందు తెలుసుకోవాలన్నది ఆయన బోధన సారం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో సరుకుల వాడకం, యువజన సంస్కృతి ఎలా పెనవేసుకుని పెరిగాయో ఆ చూపుతోనే పరిశీలించాలని ఈ అంశాన్ని ఎంచుకున్నాను.

ఈ కథను సాధారణంగా రెండు రకాలుగా చెబుతుంటారు. కొందరు ప్రతిభావంతులు పాటతో, దుస్తులతో ఒక ముసలి దేశాన్ని నిద్ర లేపారని కొందరి మాట. కంపెనీలు కొత్త గిరాకీ కోసం వెతుక్కుంటూ పిల్లల జేబులు చూశాయని, వాళ్ల కోసం ఒక సంస్కృతిని తయారుచేసి అమ్ముకున్నాయని మరికొందరి మాట. రెండింటిలోనూ నిజం ఉంది. అయితే రెండూ పునాదిని చూడవు. పని దొరకడం, ఆ పనికి జీతం రావడం, ఆ జీతంలో కొంత తమ దగ్గరే మిగలడం, దాన్ని ఖర్చుపెట్టుకునే తీరిక ఉండడం, ఈ నాలుగూ కలిసినప్పుడే బ్రిటన్‌లో యువతరం ఒక వర్గంగా కనబడింది. దుకాణాలు, పాటలు ఆ తర్వాత వచ్చాయి. నా వాదన ఇదే.

గెలిచిన దేశంలో కొరత

యుద్ధం 1945లో ముగిసినా రేషన్ పుస్తకం మూతపడలేదు. యుద్ధం సాగిన ఆరేళ్లలో ఒక్కరోజు కూడా రేషన్‌లోకి రాని రొట్టెను, గెలిచిన తర్వాత 1946 జూలైలో రేషన్‌లో పెట్టారు. అది 1948 జూలై దాకా కొనసాగింది. బట్టల కూపన్లు 1949 మార్చిలో పోయాయి. మిఠాయిల మీద ఆంక్ష 1953 ఫిబ్రవరిలో తొలగింది. చివరిగా మాంసం 1954 జూలైలో రేషన్ నుంచి బయటపడింది.

కారణం అప్పులు. అమెరికా నుంచి 1946లో తెచ్చిన రుణమే 375 కోట్ల డాలర్లు. యుద్ధకాలంలో వాడుకున్న సరుకులకు, సేవలకు మన భారతదేశానికి కూడా లండన్ వంద కోట్ల పౌండ్లకు పైగా బాకీ పడింది. తయారైన కార్లు, పింగాణీ, ఉన్ని దుస్తులు ముందు ఓడెక్కేవి. ఎగుమతికి పోగా మిగిలితేనే సొంత జనానికి.

అదే కాలంలో మరో పని కూడా జరిగింది. 1944 విద్యాచట్టం సెకండరీ చదువును అందరికీ ఉచితం చేసింది. 1946లో బడి పిల్లలకు ఉచితంగా పాలు, రెండో బిడ్డ నుంచి కుటుంబ భత్యం మొదలయ్యాయి. 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమైంది. అలా కార్మికవాడ పిల్లలు కొరతలో పెరిగినా, వాళ్ల తల్లిదండ్రుల చిన్నతనంలో లేనంత ఆరోగ్యంతో పెరిగారు. 1940లో పుట్టిన పిల్లవాణ్ని తీసుకోండి. మిఠాయి స్వేచ్ఛగా కొనుక్కునే నాటికి వాడికి పన్నెండో పదమూడో ఏళ్లు. మాంసం మీద ఆంక్ష పోయేనాటికి పద్నాలుగు నిండాయో లేదో. పదిహేనేళ్లకు బడి మానేసి పనిలో చేరేసరికి దుకాణాల నిండా సరుకు, చేతి నిండా పని. జాన్ లెనన్, రింగో స్టార్, క్లిఫ్ రిచర్డ్ ముగ్గురూ ఆ ఏడాది పుట్టినవాళ్లే.

జీతం కవరు ఎవరి చేతికి?

బడి మానే వయసును 1947లో పద్నాలుగు నుంచి పదిహేనుకు పెంచారు. ఆ తర్వాత దాదాపు రెండు దశాబ్దాలు దేశంలో నిరుద్యోగం రెండు శాతం దాటడం అరుదు. కార్ల ఫ్యాక్టరీలకు, బట్టల మిల్లులకు, ఆఫీసులకు, దుకాణాలకు మనుషులు చాలలేదు. పదిహేనేళ్ల కుర్రాడు శుక్రవారం ఒక చోట మానేసి సోమవారం మరో చోట చేరగలిగేవాడు.

అంతకంటే పెద్ద మార్పు ఇంట్లో జరిగింది. యుద్ధానికి ముందు కార్మికుల ఇళ్లలో పిల్లలు జీతం కవరు విప్పకుండా తీసుకొచ్చి తల్లి చేతిలో పెట్టేవారు. ఆమె అద్దెకు, తిండికి పోగా కొన్ని చిల్లర డబ్బులు తిరిగి ఇచ్చేది. తండ్రికి స్థిరమైన పని దొరికిన కొద్దీ, కుటుంబ భత్యం అందిన కొద్దీ ఈ పద్ధతి సడలింది. కుర్రాడు తిండి ఖర్చు కింద తల్లికి వారానికి ఇంత అని ఇచ్చి, మిగతాది తన దగ్గరే ఉంచుకోవడం మొదలుపెట్టాడు. చరిత్ర పుస్తకాల్లో ఈ మార్పుకు ఒక అధ్యాయం కూడా దక్కదు. నా దృష్టిలో యువజన సంస్కృతి పుట్టింది ఆ వంటగది బల్ల దగ్గరే.

ప్రధాని హెరాల్డ్ మాక్‌మిలన్ 1957 జూలై 20న బెడ్‌ఫర్డ్‌లో మాట్లాడుతూ, దేశంలో ఎక్కువమంది ఇంత బాగా ఎప్పుడూ బతకలేదని అన్నారు. ఆ మాట నేటికీ చెప్పుకుంటారు. ఈ సుఖం నిలుస్తుందా, ధరలు అదుపులో ఉంటాయా అన్న సందేహం కూడా ఆయన ఆ ప్రసంగంలోనే వెలిబుచ్చారన్నది మాత్రం మరిచిపోతారు.

కుర్రాళ్ల తీరికను మింగేసేది ఒకటి మిగిలింది, నిర్బంధ సైనిక సేవ. పద్దెనిమిదేళ్లు దాటినవారు రెండేళ్లు యూనిఫారం వేసుకోవాలి, జుట్టు కత్తిరించుకోవాలి. ఆ పిలుపులు 1960 చివరితో ఆగాయి. ఆఖరి సైనికుడు 1963 మేలో ఇంటికొచ్చాడు. బడికీ పెళ్లికీ మధ్య ఉన్న ఏళ్లు మొదటిసారి పూర్తిగా కుర్రవాళ్ల సొంతమయ్యాయి.

కోటు తెచ్చిన గొడవ

యుద్ధం ముగిశాక లండన్‌లోని సావిల్ రో దర్జీలు ఏడో ఎడ్వర్డ్ కాలపు ఫ్యాషన్‌ను మళ్లీ తెచ్చారు. పొడుగాటి కోటు, మఖమల్ కాలరు, సన్నని ప్యాంటు. సంపన్న యువకులు, రాజరక్షక దళం అధికారులు దాని గిరాకీదార్లు. 1950ల తొలి ఏళ్లలో దక్షిణ లండన్ కార్మికవాడల కుర్రాళ్లు ఆ కోటును అందుకున్నారు. తమ పేట దర్జీకి వారం వారం కొంత చెల్లిస్తూ కుట్టించుకున్నారు. సన్నటి టై, మందపాటి క్రేప్ అడుగు బూట్లు, నూనె పెట్టి దువ్విన జుట్టు జతచేశారు. 1953లో పత్రికలు వాళ్లకు టెడ్డీ బాయ్స్ అని పేరు పెట్టాయి. కార్మికుల పిల్లలు వేసుకున్నారని తెలియగానే సంపన్నులు ఆ కోటును వదిలేశారు.

కొన్ని వారాల జీతం పోసి కుట్టించుకున్న ఆ కోటును అలంకారమని కొట్టిపారేయలేం. పనిలో ఫోర్‌మన్ మాట వినాల్సిన కుర్రాడు వీధిలో పెద్దమనిషిలా నడవడానికి తన జీతంతో హక్కు కొనుక్కున్నాడు. 1956లో 'రాక్ అరౌండ్ ది క్లాక్' సినిమా ఆడినప్పుడు కొన్ని హాళ్లలో కుర్రాళ్లు నడవాల్లో నృత్యం చేశారు, సీట్లు చింపారు. కొన్ని ఊళ్లలో ఆ సినిమానే నిషేధించారు. పెద్దల భయం అక్కడి నుంచి ఏటేటా పెరుగుతూ పోయింది.

కాఫీ, తేయాకు పెట్టె, చవక గిటారు

పద్దెనిమిదేళ్లు నిండనివారికి పబ్బులో మద్యం పోయరు. యువజన సంఘాలను చాలావరకు చర్చిలు, పెద్దలు నడిపేవారు. ఆ ఖాళీని కాఫీ బార్లు నింపాయి. ఇటలీ నుంచి గాజియా కాఫీ యంత్రాలు వచ్చాయి. 1953లో సోహోలోని ఫ్రిత్ స్ట్రీట్‌లో మోకా బార్ తెరిచారు. ఒక్క కప్పు కాఫీతో సాయంత్రమంతా కూర్చోవచ్చు, జ్యూక్‌బాక్స్‌లో నాణెం వేసి కోరిన పాట వినవచ్చు. 1956లో ఓల్డ్ కాంప్టన్ స్ట్రీట్‌లోని టూ ఐస్ కాఫీ బార్‌ను ఇద్దరు ఆస్ట్రేలియా కుస్తీ వీరులు తీసుకున్నారు. దాని ఇరుకు నేలమాళిగలో పాడినవాళ్లలోంచి టామీ స్టీల్, క్లిఫ్ రిచర్డ్ వచ్చారు. క్లిఫ్ పుట్టింది లక్నోలో. ఆ తర్వాతి దశాబ్దంలో పేరు పొందిన ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ పుట్టింది మద్రాసులో. సామ్రాజ్యం ముడుచుకుంటున్నప్పుడు ఇంగ్లండుకు తిరిగి వెళ్లిన కుటుంబాలు అలాంటివి ఎన్నో.

లానీ డొనెగన్ పాడిన 'రాక్ ఐలాండ్ లైన్' 1956 ఆరంభంలో మారుమోగింది. దాంతో స్కిఫిల్ అనే సంగీతం ఊరూరా పాకింది. దానికి మూడు స్వరసంగతులు వచ్చి, గిటారు ఒకటి ఉంటే చాలు. తాళానికి బట్టలుతికే రేకు పలక. మంద్రస్వరానికి తేయాకు పెట్టె బోర్లించి, దానికొక చీపురు కర్ర నిలబెట్టి తాడు బిగిస్తే సరి. మన అస్సాం నుంచి, సింహళం నుంచి తేయాకు మోసుకెళ్లిన చెక్కపెట్టెలు ఇంగ్లండు కుర్రాళ్ల వాద్యాలయ్యాయి. డాలర్లు ఆదా చేయడానికి ప్రభుత్వం 1951 నుంచి 1959 దాకా అమెరికన్ వాద్యాల దిగుమతిని అడ్డుకుంది. మంచి గిటారు దొరకని ఆ కాలంలోనే వేలాదిమంది కుర్రాళ్లు వాయించడం నేర్చుకున్నారు. అలాంటి ఒక స్కిఫిల్ జట్టు క్వారీమెన్. 1957 జూలై 6న లివర్‌పూల్ శివారు వూల్టన్‌లో చర్చి ఉత్సవంలో వాళ్లు వాయించిన రోజునే జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ కలుసుకున్నారు.

ప్రసార సంస్థ బీబీసీ కూడా దిగిరాక తప్పలేదు. అప్పటిదాకా చిన్నపిల్లలను నిద్రపుచ్చడానికని సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా టెలివిజన్‌ను ఆపేసేవారు. ఆ నిబంధన 1957 ఫిబ్రవరిలో పోయింది. ఖాళీ అయిన శనివారం సాయంత్రంలోకి బీబీసీ 'సిక్స్ ఫైవ్ స్పెషల్' అనే యువజన సంగీత కార్యక్రమాన్ని ప్రవేశపెట్టింది.

ఆబ్రమ్స్ లెక్క, హోగార్ట్ బాధ

ఈ కొత్త గిరాకీని మొదట లెక్కగట్టినవాడు మార్క్ ఆబ్రమ్స్. ప్రకటనల రంగంలో పరిశోధకుడు. 1959లో ఆయన వెలువరించిన 'ది టీనేజ్ కన్స్యూమర్' బడి వదిలి ఇంకా పెళ్లికాని, పాతికేళ్ల లోపు యువతీయువకులను సుమారు 50 లక్షలుగా లెక్కవేసింది. ధరల పెరుగుదలను తీసేసి చూసినా 1938తో పోలిస్తే వాళ్ల సంపాదన 50 శాతం పెరిగింది, పెద్దల సంపాదన అందులో సగమే పెరిగింది. వాళ్లు ఏడాదికి దాదాపు 90 కోట్ల పౌండ్లు ఖర్చుపెడుతున్నారు. దేశం మొత్తం ఖర్చులో అది చిన్న వాటా. కానీ రికార్డులు, రికార్డ్ ప్లేయర్ల మీద దేశం పెట్టే ఖర్చులో 40 శాతానికి పైగా వాళ్లదే. ఆ మార్కెట్ దాదాపు పూర్తిగా కార్మికవర్గ యువతదేనని ఆబ్రమ్స్ స్పష్టంగా చెప్పారు. మధ్యతరగతి పిల్లలు అప్పటికింకా బళ్లలో, కాలేజీల్లో ఉన్నారు.

ఆయన కంటే రెండేళ్ల ముందు రిచర్డ్ హోగార్ట్ 'ది యూజెస్ ఆఫ్ లిటరసీ' రాశారు. లీడ్స్ కార్మికవాడలో పెరిగిన హోగార్ట్‌కు జ్యూక్‌బాక్స్ చుట్టూ చేరిన కుర్రాళ్లను చూస్తే దిగులు పుట్టింది. తమ వాడల్లోని ఇరుగుపొరుగు, పాట, మాట, పరువు అన్నీ పోయి, వాటి చోట అమెరికా నుంచి వచ్చిన మెరుపు సరుకు చేరుతోందని ఆయన ఆవేదన. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కంపెనీలు పిల్లల జేబుల మీద కన్నేశాయన్నది నిజం. పాట పుట్టిన మర్నాడే దాని నకళ్లు అమ్మడం, ఇష్టాన్ని వాయిదాల అప్పుగా మార్చడం అప్పుడే మొదలయ్యాయి.

అయితే హోగార్ట్ తన దిగులు దగ్గరే ఆగిపోలేదు. 1960లో యువజన సేవల మీద నివేదిక ఇచ్చిన ఆల్బమార్ల్ సంఘంలో సభ్యుడిగా పనిచేశారు. యువతకు మంచి భవనాలు, శిక్షణ పొందిన కార్యకర్తలు కావాలని ఆ సంఘం ప్రభుత్వాన్ని అడిగింది. 1964లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో సమకాలీన సంస్కృతి అధ్యయన కేంద్రాన్ని స్థాపించారు. అక్కడ స్టువర్ట్ హాల్ నాయకత్వంలో పనిచేసిన పరిశోధకులు, కొన్న వస్తువుకు కొత్త అర్థం ఇచ్చే శక్తి కుర్రాళ్లకు ఉందని చూపించారు. ఏడుస్తూ కూర్చోక విచారించిన మేధావి ఎలా ఉంటారో హోగార్ట్ జీవితం చెబుతుంది.

ప్రజాధనంతో నడిచిన కళాశాల

పదకొండేళ్ల వయసులో రాసే పరీక్ష పిల్లలను రెండుగా విడగొట్టేది. అందులో గట్టెక్కినా తర్వాత చదువులో తడబడినవారికి, బొమ్మలు వేసే చెయ్యి ఉంటే, దాదాపు ప్రతి పట్టణంలోనూ ఒక ఆర్ట్ స్కూల్ తలుపు తెరిచి ఉండేది. స్థానిక ప్రభుత్వాలు ఫీజులు భరించేవి, ఖర్చులకు గ్రాంటు ఇచ్చేవి. 1957లో లివర్‌పూల్ ఆర్ట్ కాలేజీలో లెనన్ చేరాడు. తర్వాత పాటతో పేరు పొందిన కీత్ రిచర్డ్స్ సిడ్‌కప్‌లో, పీట్ టౌన్‌షెండ్ ఈలింగ్‌లో, రే డేవిస్ హార్న్‌సేలో చదివారు. దుస్తుల రూపశిల్పి మేరీ క్వాంట్ గోల్డ్‌స్మిత్స్‌లో చదివి 1955లో కింగ్స్ రోడ్డు మీద బజార్ అనే దుకాణం తెరిచింది. లోకమంతా అమ్ముడుపోయిన బ్రిటన్ పాట వెనుక, పొట్టి గౌను వెనుక పన్ను కట్టిన సామాన్యుడి పెట్టుబడి ఉంది. ఏ రికార్డు కంపెనీ లెక్కల పుస్తకంలోనూ ఆ పెట్టుబడి కనిపించదు.

ఫ్యాషన్ ధర కూడా దిగివచ్చింది. 1964 మేలో డైలీ మిర్రర్ పత్రికలో బార్బరా హులానికీ అనే రూపశిల్పి తయారుచేసిన గులాబీ గళ్ల గౌను బొమ్మ వేస్తే, పోస్టులో 17,000 ఆర్డర్లు వచ్చాయి. ఆమె బీబా దుకాణం అలా నిలదొక్కుకుంది. టైపిస్టు, దుకాణంలో పనిచేసే అమ్మాయి తన వారం జీతంలోంచి కొనుక్కోగలిగిన గౌను అది.

సముద్రతీరంలో జరిగినది, పత్రికల్లో జరిగినది

1960ల ఆరంభానికి టెడ్డీ బాయ్స్ స్థానంలోకి మోడ్స్ వచ్చారు. ఇటలీ కోత సూటు, పొట్టి జుట్టు, అద్దాలు తగిలించిన వెస్పా లేదా లాంబ్రెటా స్కూటర్. మన దేశంలో అదే స్కూటర్ కోసం డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన కుటుంబాలు మనకు గుర్తే. అక్కడ ఆఫీసు గుమాస్తాగా చేరిన కుర్రాడు వాయిదాల మీద వెంటనే తెచ్చుకునేవాడు. మోటార్ సైకిళ్లు, తోలు జాకెట్లు ఇష్టపడే రాకర్స్‌కూ వీళ్లకూ పడేది కాదు.

1964 ఈస్టర్ సెలవుల్లో చలిగాలి, వాన. క్లాక్టన్ తీరంలో చేయడానికేమీ లేక కుర్రాళ్లు గుంపులుగా తిరిగారు. కొన్ని కిటికీలు పగిలాయి, కొన్ని కొట్లాటలు జరిగాయి, 97 మందిని అరెస్టు చేశారు. మర్నాటి పత్రికలు దాన్ని యుద్ధంలా వర్ణించాయి. ఆ వసంతంలోనే మార్గేట్, బ్రైటన్ తీరాల్లోనూ అలాంటివి జరిగాయి. సామాజికశాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ ఆ ఘటనలను ఓపికగా పరిశోధించి, 1972లో 'ఫోక్ డెవిల్స్ అండ్ మోరల్ ప్యానిక్స్' ప్రచురించారు. జరిగిన నష్టం కొన్ని వందల పౌండ్లు. దాని చుట్టూ రేగిన భయం దేశమంత. ఆ భయమే తర్వాతి గుంపులకు ఎలా నడుచుకోవాలో నేర్పిందని ఆయన నిరూపించారు. యువత గురించి రాసే ప్రతి విలేకరి ఆ పుస్తకం చదివి తీరాలి.

లెక్కలోకి రానివారు

ఈ కథను వేడుకగా మాత్రమే చెబితే అబద్ధం చెప్పినట్టే. ఆబ్రమ్స్ లెక్కలోనే డబ్బులో ఎక్కువ భాగం మగపిల్లల చేతిలో ఉంది. అమ్మాయి అదే పని చేసినా తక్కువ జీతం. సాయంత్రం ఇంటి పని ఆమెదే. వీధి మూలల గుంపుల మీద పుస్తకాలు వచ్చాయి గానీ, గదిలో స్నేహితురాలితో కూర్చుని రికార్డు వింటున్న అమ్మాయి పరిశోధకుల కంటపడలేదు. ఆ లోటును 1970లలో పరిశోధకురాళ్లు ఆంజెలా మెక్‌రాబీ, జెన్నీ గార్బర్ ఎత్తిచూపారు.

పనివాళ్ల కొరత తీర్చడానికి కరీబియన్ దీవుల నుంచి, మన ఉపఖండం నుంచి మనుషులు వచ్చారు. కరీబియన్ ప్రయాణికులతో ఎంపైర్ విండ్‌రష్ ఓడ 1948 జూన్‌లో ఇంగ్లండు చేరింది. 1958 ఆగస్టు చివర నాటింగ్ హిల్‌లో తెల్లజాతి కుర్రాళ్ల గుంపులు నల్లజాతివారి మీద దాడులు చేశాయి. ఆ గుంపుల్లో టెడ్డీ బాయ్స్ ఉన్నారు. తొమ్మిదిమందికి తలా నాలుగేళ్ల శిక్ష పడింది. ఆ గాయానికి జవాబుగా పత్రికా సంపాదకురాలు క్లాడియా జోన్స్ 1959 జనవరిలో సెయింట్ ప్యాంక్రస్ టౌన్ హాల్‌లో కరీబియన్ ఉత్సవం జరిపింది. 1960ల చివర, తల గొరిగించుకున్న స్కిన్‌హెడ్స్ అనే కుర్రాళ్లు జమైకా సంగీతానికి నాట్యమాడుతూనే మన ఉపఖండం వారిని వీధుల్లో కొట్టారు. ఆత్మరక్షణ కోసం 1976లో సౌతాల్ యువజన ఉద్యమం పుట్టింది. పాటను ప్రేమించిన చెయ్యి మనిషిని ప్రేమించాలని లేదు. ఈ చేదు నిజాన్ని దాచి యువజన సంస్కృతి గురించి మాట్లాడే హక్కు మనకు లేదు.

చట్టం అంగీకరించిన వయసు

ఇంత సంపాదించి ఇంత ఖర్చుపెట్టిన యువత చట్టం దృష్టిలో చాలాకాలం మైనర్లే. ఇరవై ఒకటి నిండనిదే ఒప్పందం చెల్లేది కాదు, స్కూటర్ వాయిదా పత్రం మీద తండ్రి హామీ కావలసి వచ్చేది. 1962లో మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టీన్‌తో లెనన్, మెకార్ట్‌నీల బీటిల్స్ బృందం చేసుకున్న ఒప్పందం మీద మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్‌ల తండ్రులు కూడా సంతకాలు పెట్టారు. 1969 చట్టాలతో వయోజన వయసు, ఓటు వయసు రెండూ పద్దెనిమిదికి దిగాయి. బజారు పదిహేనేళ్ల క్రితమే గుర్తించిన మనిషిని పార్లమెంటు అప్పుడు గుర్తించింది.

పని పోయిన తర్వాత

నా వాదనకు గట్టి రుజువు 1970లలో ఉంది. నిరుద్యోగుల సంఖ్య పది లక్షలు దాటి, ఫ్యాక్టరీలు మూతపడుతున్న 1976లో పంక్ అనే ఆగ్రహ సంగీతం వచ్చింది. మేరీ క్వాంట్ దుకాణం వెలసిన కింగ్స్ రోడ్డు మీదే, చింపి పిన్నులు గుచ్చిన బట్టలు అమ్ముడయ్యాయి. 1950లలో కార్మికులకు మంచి జీతాలిచ్చిన కార్ల నగరం కావెంట్రీ. ఆ ఊరి నుంచి నల్లవారు, తెల్లవారు కలిసి పాడిన ది స్పెషల్స్ బృందం వచ్చింది. పనిలేని పట్టణపు శూన్యాన్ని చెప్పిన వాళ్ల 'ఘోస్ట్ టౌన్' 1981 జూలైలో పాటల అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అదే నెలలో లివర్‌పూల్‌లోని టాక్స్‌టెత్‌తో పాటు ఎన్నో పట్టణాలు అల్లర్లతో మండాయి. 1982 జనవరికి నిరుద్యోగులు 30 లక్షలు దాటారు. సరుకులు దుకాణాల్లో అలాగే ఉన్నాయి, ప్రకటనలు అలాగే ఉన్నాయి. పోయినది జీతం. దాంతో పాట స్వరమే మారిపోయింది.

విద్యార్థి మిత్రులకు, పెద్దలకు నా విన్నపం ఇది. యువత వేసుకున్న బట్టను, వింటున్న పాటను చూసి తీర్పు చెప్పే ముందు మూడు ప్రశ్నలు అడగండి. వాళ్లకు పని ఉందా? సంపాదించినదాంట్లో తమదంటూ ఏమైనా మిగులుతోందా? డబ్బు లేకపోయినా నేర్చుకోవడానికి తలుపు తెరిచిన బడి, కూర్చోవడానికి ఒక చోటు ఉన్నాయా? బ్రిటన్ ఒక తరానికి ఈ మూడింటినీ చాలావరకు ఇవ్వగలిగింది. తరువాతి తరం నుంచి వాటిని లాక్కుంది. మొదటి తరం ఏం చేసిందో లోకం విన్నది, రెండో తరం ఎందుకు ఆగ్రహించిందో కూడా విన్నది. ఏ సమాజమైనా తన యువతకు పని, జీతం, చదువు, తీరిక ఇచ్చి తీరాలి. పాట ఎలా పాడాలో వాళ్లకు మనం నేర్పనక్కర్లేదు.